కంది పోయిందా, కందిపోయిందా?

ఈ సంచికకు ఒక తెలుగు మాట తీసుకుని దాని అర్థాల మీద రాయండని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, అందరూ ‘కరము’, ‘హరి’ అంటూ పదో తరగతి నానార్థాల పట్టిక బయటికి తీశారు. నేను ‘కంది’ అని పెట్టా. కింద నాలుగు నవ్వే ఎమోజీలు, ‘పప్పు మీద వ్యాసమా?’ అని ఒక ప్రశ్న. అవును, పప్పు మీదే. కానీ మొత్తం పప్పు మీద కాదు. ఆ మాట ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే ఒక ఫోన్ కాల్ గురించి చెప్పాలి.

మాది వికారాబాద్. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. స్కూల్లో తెలుగు ఒక సబ్జెక్ట్ అంతే, ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకున్నా. (సంస్కృతం పేపర్లో సగం జవాబులు ఇంగ్లిష్‌లో రాసి మార్కులు తెచ్చుకున్న బ్యాచ్ మాది. మీలో చాలామందిదీ అదే కదా.) మా నానమ్మ తాండూరు దగ్గర యాలాల మండలంలో ఒక ఊళ్లో ఉంటుంది. వికారాబాద్‌లో వాడి వైపు వెళ్లే రైలెక్కితే ధారూర్ దాటాక కాసేపట్లో తాండూరు వచ్చేస్తుంది. అంత దగ్గరైనా పండక్కి తప్ప వెళ్లం. మిగతా రోజుల్లో ఫోనే.

పోయిన నవంబర్‌లో ఒక సాయంత్రం హాస్టల్ నుంచి చేశా. ‘ఎట్లున్నవ్ నానమ్మా?’ అన్నా.

‘ఏం జెప్పాలె బిడ్డా, అంత కందిపోయింది’ అంది.

దానికి రెండు రోజుల ముందే, పత్తి ఏరవోయి ఎండకు మొహం మండుతున్నదని చెప్పింది. నేను చిన్నప్పుడు సెలవుల్లో ఊరికి పోతే ‘ఎండల తిరగకు, మొహం కందిపోతది’ అని రోజుకు పదిసార్లు అనేది. నాకు తెలిసిన కందిపోవడం అదొక్కటే. అందుకే నవ్వి, ‘సన్‌స్క్రీన్ పంపాల్నా నానమ్మా?’ అన్నా. ఫోన్ స్పీకర్‌లో ఉంది, రూమ్‌లో వాళ్లూ నవ్వారు. అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ‘తిన్నవా?’ అని అడిగి పెట్టేసింది.

రాత్రి డాడీ ఫోన్ చేశారు. ‘చేను సంగతి తెలిసిందా? మూడెకరాల కంది ఎండు తెగులొచ్చి పోయింది. మీ నానమ్మ పొద్దటి నుంచి సరిగ్గా తినలేదట.’

అప్పుడు అర్థమైంది. నానమ్మ అన్నది కందిపోయింది కాదు. కంది... పోయింది.

రాసేటప్పుడైతే మధ్యలో ఖాళీ వదులుతాం. మాట్లాడేటప్పుడు స్పేస్ బార్ ఉండదు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు టోకెనైజేషన్ అంటే చెప్పక్కర్లేదు, వచ్చిన అక్షరాల వరుసను ఎక్కడ తెంపాలన్నది. నేను తప్పు చోట తెంపా. నిజం చెప్పాలంటే, సరైన చోట తెంపడానికి కావాల్సిన మాటే నా దగ్గర లేదు. మా ఇంట్లో అది ‘పప్పు’. షాపింగ్ యాప్‌లో ‘తూర్ దాల్’. ‘కందిపప్పు’ తెలుసు కానీ, పప్పు తీసేస్తే మిగిలే ‘కంది’ ఒక మొక్క అని, అది చేనులో నిలబడి ఉంటుందని, అది ‘పోవచ్చు’ అని నా బుర్రలో లేదు.

ఆ రాత్రి నిఘంటువులు తెరిచా. బ్రౌన్ దొర 1852లో వేసిన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. కంది, కందు అని కొడితే ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని మాటలు ఒకే గుమ్మంలో నిలబడి కనిపించాయి. పప్పుధాన్యం ఒకటి. ఎండకో వేడికో దెబ్బకో చర్మం కమిలి రంగు మారడం ఇంకొకటి. మూడోది చంటిబిడ్డ, పసికందులో ఉన్న కందు.

ముందు మొక్క సంగతి. శాస్త్రం పేరు కజానస్ కజాన్. మలయ్ భాషలో చిక్కుడు జాతి గింజలను కచంగ్ అంటారు, ఆ కజాన్ అక్కణ్నుంచి వచ్చిందే. ఇంగ్లిష్‌లో పీజియన్ పీ అంటారు. బార్బడోస్ దీవిలో ఈ గింజలను పావురాలకు మేతగా వేసేవారట, ఆ పేరు అలా పడింది. పుట్టింది మాత్రం మన దేశంలోనే. తమిళంలో తువరై, కన్నడంలో తొగరి, మరాఠీ, హిందీల్లో తూర్. అన్నీ ఒక్క గొంతుతో మాట్లాడుతుంటే తెలుగు మాత్రం వేరే దారి పట్టి ‘కంది’ అంది. తాండూరులో ఇది రోజూ వినపడే తేడా. కాస్త ముందుకు పోతే కర్ణాటక, మార్కెట్‌కు సేడం, చించోళి వైపు నుంచి కూడా జనం వస్తారు. ఒకే కుప్ప ముందు నిలబడి ఒకాయన కందులు అంటాడు, ఇంకొకాయన తొగరి అంటాడు. బేరం ఆగదు.

తాండూరు అనగానే బయటివాళ్లకు బండలు గుర్తొస్తాయి, ఇళ్లలో పరిచే నాపరాళ్లు. కంది రుచికి కూడా ఆ రాయే కారణం అంటారు మా ఊరివాళ్లు. సున్నపురాయి మీద పేరుకున్న నల్లరేగడి అది. ఆ నేల మహిమ ఒట్టి మాట కాదని చెప్పడానికి యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు చేస్తే, 2022 డిసెంబర్‌లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ దరఖాస్తు వెళ్లిన మండలమే మా నానమ్మ మండలం. ఆ వార్తను నేను అప్పట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీ కూడా పెట్టుకున్నా! ‘ప్రౌడ్’ అని రాసి, పక్కన జెండా బొమ్మ. అలాంటిది నానమ్మ నోట ‘కంది’ అన్న మాట వస్తే గుర్తుపట్టలేదు.

రెండోది కందు అనే క్రియ. మొహం కందింది, దెబ్బ తగిలిన చోట కందింది, పొయ్యి సెగకు చేయి కందింది. ఎర్రబడటం, కమలడం, వాడటం, నల్లబడటం అన్నీ ఇందులో ఉన్నాయి. పూలలా సుకుమారంగా పెరిగిన పిల్లను ‘ఎండ కన్నెరగదు, ముట్టుకుంటే కందిపోతుంది’ అంటారు. కన్నడంలోనూ కందు ఉంది. అక్కడ వాడిపోవడం, రంగు తగ్గడం. గోధుమ రంగును కూడా కందు అనే అంటారు. తమిళంలో ఇది కన్ఱు. ‘ఆ ఱ మన దగ్గర ద ఎలా అయింది?’ అని మీకు డౌట్ రావచ్చు, నాకూ వచ్చింది. తమిళంలో పన్ఱి అంటే పంది. అంతే. ఒకే సూత్రం, రెండు మాటలు. ఇది చూసిన రోజు నాకు కోడ్‌లో బగ్ దొరికినంత సంతోషం వేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కందులు ఎర్రగా ఉంటాయి, కందడం అంటే ఎర్రబడటం, మరి ఆ క్రియ నుంచే ఈ గింజ పేరు పుట్టి ఉండొచ్చు కదా? మా రూమ్‌లో ఒకడు అరగంట ఇదే వాదించాడు. వినడానికి బాగుంది. కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. కందుల్లో ఎర్రవి ఉన్నాయి, తెల్లవి ఉన్నాయి, నల్లవీ ఉన్నాయి. పొట్టు తీస్తే ఏదైనా పసుపే. పైగా నిఘంటువులు ఈ రెంటినీ వేర్వేరు మాటలుగానే చూపిస్తాయి. రెండు మాటలు ఒకేలా వినపడ్డాయి కదా అని చుట్టాలను చేసేస్తే, మన సెక్షన్‌లో ఒకే ఇంటిపేరున్న ముగ్గురూ అన్నదమ్ములే అనాలి.

మూడోది నాకు అన్నిటికన్నా నచ్చినది. ‘పసికందు’ అనే మాటను న్యూస్ ఛానళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ‘చెత్తకుప్పలో పసికందు’ అని స్క్రోలింగ్ వస్తుంటుంది. ఎప్పుడూ దాన్ని విడదీసి చూడలేదు. పసి అంటే లేత. కందు అంటే బిడ్డ. కన్నడంలో పిల్లల్ని ముద్దుగా ‘కంద’ అని పిలుస్తారు. తమిళంలో కన్ఱు అంటే ఆవుదూడ, నాటే చిన్న మొక్క కూడా. అంటే చూడండి, తమిళంలో కూడా కమలడానికీ దూడకూ ఒకే మాట. ఈ గందరగోళం మన ఒక్కళ్లదే కాదు, పక్కింటి వాళ్లకూ ఉంది. మన వైపు ఆ కందు ఒంటరిగా బతకలేక ‘పసి’ని పట్టుకుని వేలాడుతోంది. ఉత్త ‘కందు ఏడుస్తోంది’ అంటే ఇవాళ ఎవరికీ అర్థం కాదు.

బహువచనం చేస్తే ఇంకా తమాషా. కంది బహువచనం కందులు. కందు బహువచనమూ కందులే. బస్తాలో కందులు, ఊయల్లో పసికందులు.

మరి మనిషి ఎలా తేల్చుకుంటాడు? మా సీనియర్ల ఎన్‌ఎల్‌పీ నోట్స్‌లో దీనికి సంబంధించిన అల్గారిథమ్ ఒకటి దొరికింది. 1986లో మైకేల్ లెస్క్ అనే ఆయన ఒక పేపర్ రాశాడు. పైన్ చెట్టు కోన్‌నూ ఐస్‌క్రీమ్ కోన్‌నూ మెషీన్ ఎలా వేరు చేస్తుందన్నది ప్రశ్న. ఆయన చెప్పింది చాలా సింపుల్. అనుమానం ఉన్న మాటకు నిఘంటువులో ఉన్న ప్రతి అర్థం వివరణనూ తీసుకో. పక్కన ఉన్న మాటల వివరణలతో పోల్చు. ఏ అర్థంలో ఉమ్మడి మాటలు ఎక్కువ వస్తే అదే సరైనది. ‘పైన్’ వివరణలోనూ చెట్టు ఉంటుంది, ఒక ‘కోన్’ వివరణలోనూ చెట్టు ఉంటుంది. అయిపోయింది.

ఇప్పుడు నానమ్మ వాక్యానికి దీన్ని పెట్టి చూడండి. ‘ఏం జెప్పాలె బిడ్డా, అంత కందిపోయింది.’ పక్కన చేను లేదు, తెగులు లేదు, ఎకరం లేదు. లెస్క్ గారు కూడా ఇక్కడ చేతులెత్తేసేవారే. కానీ సమాచారం వాక్యంలో లేదు, వాక్యం బయట ఉంది. అది నవంబర్ నెల, కంది పూత, కాయ మీద ఉండే కాలం. మాట్లాడుతున్నది మూడెకరాలు కంది వేసిన మనిషి. అన్నిటికన్నా ముందు, ‘ఏం జెప్పాలె’ అన్న గొంతు. మా డాడీకి ఇదే వాక్యం చెబితే ఒక్క క్షణం కూడా ఆగకుండా అర్థం చేసుకున్నారు. ఆయన ఆ ఊళ్లో పుట్టారు. నా దగ్గర ఉన్న సందర్భం పత్తి చేను ఎండ ఒక్కటే, దానితో లెక్క కట్టా. అల్గారిథమ్ ప్రకారం నా జవాబు కరెక్టే. అదే ఇంకా సిగ్గుగా ఉంది.

కందుతో మొదలయ్యే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. అవి అచ్చంగా అవే మాటలు కాకపోయినా, వెతుకుతుంటే పక్కనే తగులుతాయి కాబట్టి చెప్పేస్తా. కూర వండుకునే కంద సంస్కృతం నుంచి వచ్చిన దుంప. అడవిలో మునులు తినే కందమూలాల్లోనిది. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెతలో ఉన్నది ఇదే.

పద్యాల్లో కందం ఉంది కదా, ‘కందం రాసినవాడే కవి’ అని మన తెలుగు సార్లు భయపెట్టేది. దానికీ దుంపకూ సంబంధం లేదు. సంస్కృతంలో స్కంధకం అనే ఛందస్సు, ప్రాకృతంలోకి వచ్చి ముందున్న స పోగొట్టుకుని, తెలుగు, కన్నడాలకు వచ్చేసరికి కందం అయింది. సుమతీ శతకం అంతా కందాలే. దీనికి మన తెలంగాణలో ఒక గొప్ప సాక్ష్యం ఉంది. కరీంనగర్ వైపు గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలగుట్ట అనే కొండ ఉంది. దాని మీద సుమారు 945 నాటి జినవల్లభుడి శాసనం చెక్కి ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ అందులో ఉన్నాయి. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. నన్నయ కంటే దాదాపు నూరేళ్ల ముందు ఒక బండ మీద కందం. దాన్ని చూడటానికి క్లబ్ తరఫున ఒక ట్రిప్ వేయాలని ఈ వ్యాసం ద్వారా అధికారికంగా అడుగుతున్నా.

కందకం చూడండి, చివర ‘కం’ ఉంది కాబట్టి సంస్కృతమే అనుకుంటాం. నేనూ అనుకున్నా. కాదు. పాత పారసీకంలో ‘తవ్వినది’ అనే అర్థమున్న మాట అరబ్బీలోకి పోయి ఖందక్ అయి, తిరిగి తిరిగి మన దగ్గర కోట చుట్టూ తవ్వే కందకం అయింది. ఓరుగల్లు కోట చుట్టూ ఉన్నదీ అదే మాట, చేను గట్టు వెంట వాన నీటి కోసం తవ్వేదీ అదే మాట. ఇక కందూరు. దర్గా దగ్గర మొక్కు తీర్చుకుని, మేకను కోసి బంధువులందరికీ అన్నం పెట్టడాన్ని మా వైపు ‘కందూరు చేసుడు’ అంటారు. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాకు హిందువులు కూడా పోయి చేస్తారు. ఇదీ పారసీకమే, కందూరీ అంటే భోజనానికి పరిచే దస్తరు గుడ్డ. గుడ్డ పేరు విందుకు వచ్చింది. ఐఐటీ హైదరాబాద్ ఉన్న ఊరి పేరు కూడా కంది అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు, అందుకే నేనే అనేస్తున్నా. నాకు ఆ కందిలో సీటు రాలేదు, ఆ టాపిక్ ఇక్కడితో వదిలేద్దాం.

సంక్రాంతి సెలవులకు ఊరికి పోయా. డాడీ లేకుండా ఒక్కణ్నే, మొదటిసారి. తాండూరు స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే రోడ్డుకు రెండు వైపులా పాలిషింగ్ యూనిట్ల తెల్లటి దుమ్ము. ఆ తర్వాత చేన్లు. పక్క చేన్లలో కంది కోసి కుప్పలు వేశారు. మాది మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఎండిన చెట్లు, ఆకులు వాలిపోయి, కాయలు అట్లాగే తప్పలై. కూలీలు పెట్టి కోయిస్తే కూలి డబ్బులు కూడా రావని అట్లాగే వదిలేశారు.

ఎండు తెగులు అంటే నీళ్లు లేక ఎండటం అనుకున్నా. కాదట. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం నేలలో ఉంటుంది. వేర్ల నుంచి లోపలికి పోయి, మొక్కలో నీళ్లు పైకెక్కే గొట్టాలను మూసేస్తుంది. తడి ఉన్నా చెట్టుకు అందదు. మొక్క పెరిగినంత కాలం బాగానే ఉంటుంది. పూత, కాయ వచ్చే సమయానికి, అంటే పెట్టుబడి అంతా పెట్టేశాక, ఒక్కసారిగా వాలిపోతుంది. దీన్ని తట్టుకునే మారుతి, ఆశ లాంటి రకాలు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి వచ్చాయి. 2011లో కంది జన్యుక్రమాన్ని మొత్తం చదివింది కూడా ఆ ఆశ రకం మీదే. నానమ్మ వేసింది ఇంట్లో కుండలో దాచిన పాత విత్తనం.

నానమ్మ ఒక చెట్టు పీకి, కొడవలితో మొదలును నిలువుగా చీల్చింది. బయట బెరడు మామూలుగానే ఉంది. లోపల కట్టె మధ్యలో పైదాకా గోధుమ, నలుపు చారలు.

‘చూడు బిడ్డా, పైకి ఎండినట్టు అవుపడ్తది. లోపల కందింది’ అంది.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశా. కంది కందింది. నిఘంటువులో ఒకదాన్నొకటి ఎరగని రెండు మాటలు ఈ కట్టెలో కలిశాయి. కన్నడం వాళ్లు గోధుమ రంగుకు ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా అక్కడే తెలిసింది.

‘మల్ల వచ్చే ఏడు?’ అన్నా.

‘జొన్న ఏస్త. ఈ రోగం మన్నుల మూడేండ్ల దాంక ఉంటదంట, తాండూర్ల వ్యవసాయ కేంద్రమోళ్లు చెప్పిండ్రు.’

ఫోన్‌లో నవ్వినందుకు సారీ చెప్పాలని రైల్లో వాక్యాలు తయారు చేసుకున్నా, తెలుగులో. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ‘నానమ్మా, ఆ రోజు నాకు సమజ్ కాలే’ అన్నా, అంతే.

నానమ్మ కొడవలి చంకలో పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

‘అయితే అయిందిగని, తెచ్చినవా మరి? ఆ మొహానికి రాసుకునేది ఏందో పంపిస్తనంటివి గద.’